ట్రావెల్ సైట్ ఆఫర్ తప్పుదారి పట్టిస్తే డబ్బు రాబట్టుకోవడం ఎలా? స్క్రీన్‌షాట్ నుంచి వినియోగదారుల కమిషన్ ఉత్తర్వు దాకా

విమానం, బస్సు, హోటల్ బుకింగ్ సైట్లలో తెరపై చూపిన తగ్గింపు ఒకటి, ఖాతాలోంచి పోయిన డబ్బు మరొకటి అయినప్పుడు ఎవరిని, ఎలా, ఏ వరుసలో అడగాలని చాలామంది అడుగుతున్నారు. భారతదేశంలో బుక్ చేసుకున్నవారికి ఆ వరుస మొత్తం ఇక్కడ ఉంది. ప్రతి మెట్టు దగ్గర చేతికొచ్చే కాగితమే తర్వాతి మెట్టుకు ఆధారమవుతుంది కాబట్టి మధ్యలో దేన్నీ దాటవేయకండి.

1. కోపాన్ని పక్కనబెట్టి ముందు లెక్క వేయండి

ఫిర్యాదుకు ప్రాణం అందులోని అంకె. "నన్ను మోసం చేశారు" అని రాస్తే కస్టమర్ కేర్ నుంచి క్షమాపణ వస్తుంది, "నాకు మీరు ఇవ్వాల్సింది ఇంత" అని రాస్తే వాళ్లు లెక్క చెప్పక తప్పదు.

మా ఇంట్లో నలుగురికి విశాఖపట్నం నుంచి ఢిల్లీకి టికెట్లు తీసుకున్నప్పుడు జరిగింది చూడండి. ఒక్కో టికెట్ ధర రూ. 6,850 చొప్పున నలుగురికి రూ. 27,400 అని, కూపన్ పెడితే రూ. 2,000 తగ్గుతుందని పచ్చరంగు పట్టీలో చూపించారు. చివరి పేజీలో కన్వీనియన్స్ ఫీజు మనిషికి రూ. 399 చొప్పున రూ. 1,596, అడగకుండానే టిక్ పెట్టి ఉన్న ప్రయాణ బీమా మనిషికి రూ. 199 చొప్పున రూ. 796 వచ్చి చేరాయి. కట్టింది రూ. 27,792. అంటే రెండు వేలు తగ్గించామని చెప్పిన సైటు, తగ్గింపే లేని మొదటి ధర కంటే రూ. 392 ఎక్కువ వసూలు చేసింది.

మీరూ ఒక కాగితం మీద ఈ ఐదు అంకెలు రాసుకోండి:

- మొదటి పేజీలో చూపిన ధర
- వాగ్దానం చేసిన తగ్గింపు లేదా క్యాష్‌బ్యాక్
- చివరి పేజీలో అదనంగా చేరిన ప్రతి ఛార్జీ, విడివిడిగా
- ఖాతాలోంచి పోయిన మొత్తం
- న్యాయంగా మీకు తిరిగి రావాల్సిన మొత్తం

ఐదో అంకె దగ్గర నిజాయితీగా ఉండాలి. మా విషయంలో నేను అడగగలిగింది టిక్ పెట్టి అంటగట్టిన బీమా సొమ్మును, మొదట్లో ఎక్కడా చెప్పని కన్వీనియన్స్ ఫీజును మాత్రమే. కూపన్ తగ్గింపు రెండు వేలు బిల్లులో నిజంగానే తగ్గింది కాబట్టి దాన్ని మళ్లీ అడిగితే మిగతా ఫిర్యాదు కూడా బలహీనపడుతుంది.

2. మీకు జరిగింది ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోండి

2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 2(28) సెక్షన్ ప్రకారం వస్తువును లేదా సేవను తప్పుగా వర్ణించినా, తప్పుడు హామీ ఇచ్చినా, ముఖ్యమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచినా అది తప్పుదారి పట్టించే ప్రకటనే. దీనికి తోడు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ప్రకటనలపైన, 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్‌లపైన (కొనేవారిని బోల్తా కొట్టించేలా తెరను అమర్చే ఎత్తుగడలపైన) మార్గదర్శకాలు తెచ్చింది. రెండో వాటిలో 13 రకాల మాయలను పేరు పెట్టి నిషేధించారు. ట్రావెల్ సైట్లలో మనకు ఎక్కువగా తగిలేవి ఇవి:

- డ్రిప్ ప్రైసింగ్: తప్పనిసరి ఛార్జీలను మొదట చెప్పకుండా చివర్లో ఒక్కొక్కటిగా బయటపెట్టడం.
- బాస్కెట్ స్నీకింగ్: మీరు ఎంచుకోని బీమానో విరాళాన్నో మరో సేవనో బిల్లులో కలిపేయడం.
- తప్పుడు తొందర: "ఇంకా ఒక్క గదే ఉంది", "ఆఫర్ ఐదు నిమిషాల్లో ముగుస్తుంది" అని అబద్ధం చెప్పి తరమడం.
- బెయిట్ అండ్ స్విచ్: ఒక ధర చూపి రప్పించి, ఎంచుకున్నాక అది లేదని మరో ధర అంటగట్టడం.

ముందే టిక్ పెట్టిన పెట్టెల గురించి 2020 ఈ-కామర్స్ నిబంధనలు స్పష్టంగా మాట్లాడాయి. కొనుగోలుకు వినియోగదారుడి సమ్మతి అతడు స్వయంగా చేసిన స్పష్టమైన చర్య ద్వారానే నమోదు కావాలి, ముందే టిక్ పెట్టిన పెట్టెను సమ్మతిగా లెక్కించకూడదు. కాబట్టి బీమా సొమ్ము లాంటివి తిరిగి రాబట్టడం అన్నిటికంటే తేలిక.

"షరతులు వర్తిస్తాయి" అన్న మాట దగ్గర చాలామంది ఆగిపోతారు, ఆగనక్కరలేదు. 2022 మార్గదర్శకాల ప్రకారం షరతు అనేది ప్రధాన వాగ్దానాన్ని వివరించవచ్చు గాని దానికి విరుద్ధంగా ఉండకూడదు, తెలియాల్సిన ముఖ్య విషయాన్ని దాచడానికి పనికిరాదు. పెద్ద అక్షరాల్లో "ఉచిత రద్దు" అని రాసి, నాలుగు పేజీల కింద "ప్రయాణానికి 72 గంటల ముందు వరకే" అని పెడితే అది వివరణ కిందికి రాదని గట్టిగా వాదించవచ్చు.

ఎక్కడ నిలబడదో కూడా చెప్పాలి. ఫలానా బ్యాంకు కార్డుకే, ఇంత మొత్తానికి మించిన బుకింగ్‌కే అని ఆఫర్ పక్కనే చదవగలిగేలా రాసి ఉండగా మీరు చూసుకోకపోతే ఆ ఫిర్యాదు నిలబడదు. మీరు వెతుకుతుండగా విమాన టికెట్ ధర పెరిగినంత మాత్రాన కూడా అది మోసం కాదు.

3. ఆధారాలు: అసలు పని ఇక్కడే ఉంది

తొంభై శాతం శ్రద్ధ ఈ మెట్టు మీదే పెట్టండి. సైటు తన పేజీని ఒక్క రాత్రిలో మార్చేయగలదు, మీ ఫోనులో ఉన్న చిత్రాన్ని మాత్రం మార్చలేదు.

బుకింగ్‌కు ముందే స్క్రీన్‌షాట్లు తీసే అలవాటు ఉంటే మంచిదే, లేకపోయినా దారి మూసుకుపోలేదు. అనుమానం వచ్చిన రోజే అదే మార్గానికి, అదే కూపన్‌తో, డబ్బు కట్టే పేజీ దాకా మళ్లీ వెళ్లి, డబ్బు మాత్రం కట్టకుండా, మొత్తాన్ని స్క్రీన్ రికార్డింగ్ చేయండి. ఆ పద్ధతి ఇంకా నడుస్తూనే ఉంటే టిక్ పెట్టిన పెట్టె, దాగి ఉన్న ఫీజు మళ్లీ అక్కడే కనిపిస్తాయి. ఈ రికార్డింగ్ బుకింగ్ తర్వాత తీసిందని తేదీతో సహా రాసి ఉంచండి. బుకింగ్ నాటిదన్నట్టు చూపితే అసలు ఆధారాలనూ ఎవరూ నమ్మరు.

దాచుకోవలసినవి:

- ఆఫర్ కనిపించిన ప్రకటన, ఎస్సెమ్మెస్, ఈమెయిల్ లేదా యాప్ నోటిఫికేషన్
- ఆఫర్ షరతుల పేజీ, పీడీఎఫ్ రూపంలో, వెబ్ చిరునామా, తేదీ కనిపించేలా
- ధర వివరాల పేజీ, డబ్బు కట్టే పేజీ
- టికెట్ లేదా హోటల్ వోచర్, బుకింగ్ నంబరు
- జీఎస్టీ ఇన్వాయిస్‌లు
- బ్యాంకు స్టేట్‌మెంట్ లేదా యూపీఐ లావాదేవీ నంబరు
- కస్టమర్ కేర్‌తో జరిగిన చాట్, ఫోన్ చేసిన తేదీలు, సమయాలు

జీఎస్టీ ఇన్వాయిస్‌ను చాలామంది తెరిచి కూడా చూడరు. టికెట్ ధర విమాన సంస్థదే కావచ్చు గాని, కన్వీనియన్స్ ఫీజుకు బుకింగ్ సైటు తన పేరు మీద, తన జీఎస్టీ నంబరుతో ఇన్వాయిస్ ఇస్తుంది. "మేము మధ్యవర్తులం మాత్రమే" అని రేపు వాళ్లు అన్నప్పుడు, వాళ్లే సేవ అమ్మి సొమ్ము తీసుకున్నారని చూపించేది ఆ ఒక్క పేజీయే.

సైటు ఆఫర్ పేజీని తీసేసి ఉంటే వేబ్యాక్ మెషీన్ అనే ఉచిత ఆర్కైవులో ఆ చిరునామా పెట్టి వెతకండి. పాత ప్రతి దొరికే అవకాశం ఉంటుంది.

తరచుగా జరిగే తప్పు: స్క్రీన్‌షాట్‌ను కత్తిరించి, కావలసిన ముక్కనే దాచుకోవడం. పైన గడియారం, వెబ్ చిరునామా, కింద సన్న అక్షరాలు అన్నీ ఉన్న పూర్తి చిత్రాన్ని ఉంచండి. గుర్తులు పెట్టాలనుకుంటే మరో ప్రతి మీద పెట్టండి.

4. ఎదుటి పక్షం ఎవరో స్పష్టం చేసుకోండి

సైటు కూపన్ అయితే సైటే బాధ్యురాలు. విమాన టికెట్ రద్దు సొమ్ము అయితే సైటుతో పాటు విమాన సంస్థకూ రాయాలి. ఏజెంటు లేదా పోర్టల్ ద్వారా కొన్న టికెట్‌కు కూడా, ఏజెంట్లు తన ప్రతినిధులే కాబట్టి, రిఫండ్ బాధ్యత విమాన సంస్థదేనని పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధనలు చెబుతున్నాయి. నగదుకు బదులు క్రెడిట్ రూపంలో, అంటే తర్వాతి టికెట్‌కు వాడుకునే జమగా తీసుకోవడం కూడా ప్రయాణికుడి ఇష్టమే గాని సంస్థ ఇష్టం కాదు.

అన్నిటికంటే చిక్కుపడేది బ్యాంకు కార్డు ఆఫర్. సైటును అడిగితే "క్యాష్‌బ్యాక్ బ్యాంకు ఇవ్వాలి సార్" అంటారు, బ్యాంకును అడిగితే "మర్చంట్ నుంచి మాకు వివరాలు రాలేదు" అంటారు. ఇద్దరికీ ఒకే రోజు, ఒకే లేఖ, ఒకరికి రాసింది మరొకరికి కనిపించేలా పంపండి. అప్పుడు ఒకరి మీద ఒకరు నెట్టుకోవడం కూడా లిఖితపూర్వకంగా మీ చేతికే వస్తుంది.

5. ఫిర్యాదు పరిష్కార అధికారికి లేఖ

కస్టమర్ కేర్‌తో మొదలుపెట్టినా అక్కడే ఉండిపోకండి. "అది సిస్టమ్ జనరేటెడ్ సార్, మా చేతుల్లో లేదు" అనే జవాబు మొదటిసారి రాగానే తర్వాతి మెట్టు ఎక్కాలి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి సైటూ ఫిర్యాదు పరిష్కార అధికారి పేరు, హోదా, సంప్రదించే వివరాలు తన వేదిక మీద చూపించాలి. ఆ అధికారి 48 గంటల్లో అందినట్టు తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి.

ఆ వివరాలను సైటు లోపలి నుంచే తీసుకోండి. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి దొరికిన దానికి ఫోన్ చేసినవారు, రిఫండ్ పేరుతో వచ్చిన లింకు నొక్కో, ఓటీపీ చెప్పో ఖాతా ఖాళీ చేసుకున్న ఘటనలు ఎన్నో ఉన్నాయి. సోషల్ మీడియాలో బుకింగ్ నంబరుతో ఫిర్యాదు పెట్టినా మీకు ముందుగా ఫోన్ చేసేది నకిలీ ప్రతినిధే కావచ్చు. పొరపాటున డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

లేఖ ఇలా ఉండవచ్చు. ఇంగ్లీషులో పంపినా ఇదే క్రమం పాటించండి.

> విషయం: బుకింగ్ నంబరు ______, తేదీ ______, రూ. ______ తిరిగి చెల్లించుట గురించి.
>
> అయ్యా/అమ్మా,
>
> పై బుకింగ్ కోసం నేను ______ తేదీన రూ. ______ చెల్లించాను. మీ ప్రకటనలో ______ అని హామీ ఇచ్చారు (జతపరచిన చిత్రం 1). అయితే చెల్లింపు పేజీలో నా సమ్మతి లేకుండా ______ పేరిట రూ. ______ చేర్చారు (చిత్రం 2, ఇన్వాయిస్).
>
> ఇది 2019 వినియోగదారుల రక్షణ చట్టానికి, 2020 ఈ-కామర్స్ నిబంధనలకు, 2023 డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాలకు విరుద్ధం.
>
> నాకు రావలసిన రూ. ______ను, నేను చెల్లించిన ఖాతాకే, ఈ లేఖ అందిన 15 రోజుల్లో జమ చేయవలసిందిగా కోరుతున్నాను. వాలెట్ పాయింట్లు, కూపన్ల రూపంలో పరిష్కారం నాకు సమ్మతం కాదు.
>
> ఫిర్యాదు నంబరు తెలియజేయగలరు.

చివరి రెండు వాక్యాలను తప్పకుండా ఉంచండి. ముందుగా చెప్పకపోతే "తదుపరి బుకింగ్‌పై 500 కూపన్" పంపి, మీరు అందుకున్నారు కాబట్టి ఫిర్యాదు ముగిసిందని నమోదు చేసుకుంటారు. మా బీమా సొమ్ము రూ. 796 ఈ లేఖతోనే పదకొండో రోజున వెనక్కి వచ్చింది. ఫీజుకు మాత్రం ముందు కూపనే ఇవ్వజూపారు, దాన్ని రాతపూర్వకంగా తిరస్కరించి తర్వాతి మెట్టుకు వెళ్లాను.

తరచుగా జరిగే తప్పు: ఒకే విషయం మీద ఐదు ఫిర్యాదులు పెట్టడం. ప్రతి దానికీ కొత్త నంబరు ఇచ్చి, ప్రతి దాన్నీ విడిగా మూసేస్తారు. మొదటి నంబరునే పట్టుకుని, దాని కిందే జవాబులు రాయండి.

6. బ్యాంకు దారి, పక్కనే నడిపించండి

కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో ఆ లావాదేవీని వివాదంగా నమోదు చేయవచ్చు. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. సమ్మతి లేని ఛార్జీ, అందని సేవ, ఇస్తామని ఒప్పుకుని ఇవ్వని రిఫండ్ విషయంలో ఇది బాగా పనిచేస్తుంది. తగ్గింపు తక్కువ ఇచ్చారన్న ఫిర్యాదుకు అంతగా పనిచేయదు. దీనికి కాలపరిమితి ఉంటుంది కాబట్టి సైటు జవాబు కోసం నెలల తరబడి ఆగకుండా, ఎప్పటిలోగా నమోదు చేయాలో బ్యాంకును మొదటి వారంలోనే అడగండి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. అయితే అక్కడ విచారించేది బ్యాంకు లోపాన్నే, ట్రావెల్ సైటు లోపాన్ని కాదు.

7. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915

లేఖకు గడువులోగా జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేయండి. తెలుగుతో సహా 17 భాషల్లో మాట్లాడవచ్చు. 8800001915 నంబరుకు వాట్సాప్ ద్వారా, ఉమంగ్ యాప్ ద్వారా, హెల్ప్‌లైన్ పోర్టల్ ద్వారా కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఆధారాలు జతచేయాలి కాబట్టి పోర్టల్‌లో పెట్టడమే మేలని నా అభిప్రాయం.

ఫోన్ చేసే ముందు ఈ వివరాలు ముందు పెట్టుకోండి: బుకింగ్ నంబరు, చెల్లించిన తేదీ, రావలసిన మొత్తం, సైటు ఇచ్చిన ఫిర్యాదు నంబరు. కథంతా చెప్పకుండా మూడు వాక్యాల్లో ముగించండి.

హెల్ప్‌లైన్‌కు ఆదేశించే అధికారం లేదు, ఫిర్యాదును కంపెనీ ముందు పెట్టి పరిష్కారం కోరుతుంది. అయినా మామూలు కస్టమర్ కేర్ కదిలించలేని ఫైలు ఇక్కడి నుంచి వెళ్తే కదలడం నేను చూశాను. కంపెనీ "పరిష్కరించాం" అని జవాబిచ్చి డబ్బు వేయకపోతే, ఆ జవాబు మీద మీ అభ్యంతరాన్ని అక్కడే నమోదు చేయండి. విమాన ప్రయాణమైతే పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవ పోర్టల్‌లోనూ సమాంతరంగా ఫిర్యాదు పెట్టవచ్చు.

8. ఒకే మోసం అందరికీ జరుగుతుంటే

మీ డబ్బు సంగతి వేరు, ఆ ప్రకటనను ఆపించడం వేరు. రెండో దానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు, లేదా మీ జిల్లా కలెక్టరుకు కూడా లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చునని చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది. తప్పుదారి పట్టించే ప్రకటనకు ఈ సంస్థ రూ. 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే రూ. 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. ఆ జరిమానా మీ ఖాతాలో పడదు కాబట్టి, ఈ ఫిర్యాదు ఇచ్చినా మీ సొంత దావా మానుకోకండి.

9. జిల్లా వినియోగదారుల కమిషన్

కంపెనీ కార్యాలయం గురుగ్రామ్‌లోనో బెంగళూరులోనో ఉందని వెనకాడే వారికి మొదట చెప్పాల్సిన మాట: 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోట, లేదా ఉద్యోగం చేసే చోట ఉన్న కమిషన్‌లోనే వేయవచ్చు. రాజమహేంద్రవరంలో ఉన్నవారు ఆ జిల్లా కమిషన్‌లోనే, హైదరాబాద్‌లో ఉన్నవారు తమ ప్రాంతం వచ్చే కమిషన్‌లోనే వేసుకోవచ్చు. "వివాదాలు ఫలానా నగర కోర్టుల పరిధిలోనే" అని సైటు తన షరతుల్లో రాసుకున్నంత మాత్రాన ఈ హక్కు పోదు.

తెలుసుకోవాల్సిన కొలతలు:

- మీరు చెల్లించిన సొమ్ము రూ. 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్. అడిగే పరిహారాన్ని ఇందులో కలపరు.
- చెల్లించిన సొమ్ము రూ. 5 లక్షల లోపైతే ఫీజు లేదు.
- వివాదానికి కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోగా వేయాలి. హెల్ప్‌లైన్‌లో గడిచిన కాలం ఈ గడువును పొడిగించదు.
- న్యాయవాది తప్పనిసరి కాదు, స్వయంగా వాదించుకోవచ్చు.

వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. జతచేయవలసినవి: సంఘటనలు తేదీల వరుసలో ఉన్న ఒక పేజీ, ఫిర్యాదు, అఫిడవిట్, మూడో మెట్టులో దాచిన ఆధారాలు పేజీ నంబర్లతో, సైటుకు రాసిన లేఖ, 1915 ఫిర్యాదు నంబరు, గుర్తింపు పత్రం. స్క్రీన్‌షాట్లు, రికార్డింగుల కోసం 2023 భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇచ్చే ధ్రువపత్రం కూడా జతచేస్తే ఎదుటి పక్షం వాటి మీద సాంకేతిక అభ్యంతరం పెట్టే వీలు తగ్గుతుంది.

అడిగేది విడివిడిగా రాయండి: తిరిగి రావలసిన సొమ్ము, దానిపై వడ్డీ, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు. ఎనిమిది వందల రూపాయల వివాదానికి ఐదు లక్షల పరిహారం అడిగితే అసలు న్యాయమైన కోరికకూ విలువ తగ్గుతుంది.

నోటీసు అందాక ఎదుటి పక్షం 30 రోజుల్లో జవాబు వేయాలి, కమిషన్ మరో 15 రోజులు మాత్రమే పొడిగించగలదు. పాత చట్టంలోని ఇదే గడువు మీద, 45 రోజులు దాటిన జవాబును స్వీకరించే అధికారం లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. జవాబు ఆలస్యమైతే ఈ సంగతిని మర్యాదగా కమిషన్ దృష్టికి తీసుకురండి. దూరాభారం అయినవారు వీడియో ద్వారా హాజరయ్యేందుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

విచారణ మధ్యలో కంపెనీ న్యాయవాది రాజీకి రావచ్చు. సొమ్ము ఖాతాలో పడిన తర్వాతే ఫిర్యాదును ఉపసంహరించుకోండి, లేదా రాజీ షరతులను, చెల్లింపు తేదీని కమిషన్ రికార్డులో రాయించండి. మాట మీద ఉపసంహరించుకుంటే మళ్లీ మొదటికి వస్తుంది.

10. ఉత్తర్వు వచ్చాక

ఉత్తర్వు ధ్రువీకృత ప్రతిని తీసుకుని, బ్యాంకు ఖాతా వివరాలతో కంపెనీ ఫిర్యాదు పరిష్కార అధికారికి, వారి న్యాయవాదికి పంపండి. వాళ్లు అప్పీలు చేయాలంటే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి, ఉత్తర్వులోని సొమ్ములో సగం ముందే డిపాజిట్ చేయాలి.

అప్పీలూ లేక, సొమ్మూ రాకపోతే అదే జిల్లా కమిషన్‌లో 71వ సెక్షన్ కింద అమలు పిటిషన్, 72వ సెక్షన్ కింద శిక్ష కోరుతూ పిటిషన్ వేయవచ్చు. ఉత్తర్వును ధిక్కరిస్తే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా రూ. 25,000కు తగ్గకుండా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ పిటిషన్‌కు ఉత్తర్వు ప్రతి, మీరు పంపిన లేఖ, అది అందినట్టు రుజువు, ఆనాటి దాకా సొమ్ము జమ కాలేదని చూపే బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయండి.